వేట సామాను

మొన్న ఆదివారం పొద్దున మా పక్కింటి అమ్మాయి మెడలో పెద్ద కెమెరా వేసుకొని వచ్చి గడపలో నిలబడింది. బెంగళూరులో ఉద్యోగం. మదనపల్లెకు వచ్చినప్పుడల్లా పిట్టల వెంట, జంతువుల వెంట పడి ఫొటోలు తీయడం దానికి సరదా. "పెద్దమ్మా, రేపు ఫ్రెండ్స్‌తో కుప్పం పక్క అడవికి పోతాండాం, జింకల్ని సూడను. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తాం. ఏమేమి ఎత్తుకోని పోవాల?" అని అడిగింది. నేను వంకాయలు తరుగుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పుకుంటూ పోయాను. రెండు సీసాల నీళ్లు, ఒకటి తాగను, ఒకటి ఎవరూ ముట్టుకోకుండా దాచను. గొంగడి. కొబ్బరితాడు. ముల్లు తీసే చిమటా. పాత పంచె చింపిన పీలికలు. పసుపు పొట్లం. చెనిక్కాయ ఉండలు. టార్చిలైటు, దాని బ్యాటరీలు విడిగా. అగ్గిపెట్టె, పుల్లలు గలగలమనకుండా దూది కూరి. తలకు నూనె రాసుకోవద్దు, పూలు పెట్టుకోవద్దు, సబ్బు వాసన వచ్చే గుడ్డ కట్టుకోవద్దు. అమ్మాయి ఫోనులో రాసుకోవడం ఆపి, "నువ్వెప్పుడన్నా అడవికి పోయినావా పెద్దమ్మా?" అంది. ఒకే ఒక్కసారి అన్నాను. అది నవ్వి వెళ్లిపోయింది. ఇన్నేళ్లయినా ఆ జాబితా నాకు నోటికి ఉన్నందుకు నామీద నాకే విసుగు పుట్టింది. ఎక్కాలు మర్చిపోయాను, చదివిన డిగ్రీలో ఒక్క పాఠం గుర్తు లేదు, ఇది మాత్రం పోలేదు.

తొంభై ఒకటిలో పెళ్లయి, అప్పట్లో మేమున్న పుంగనూరుకు వచ్చేనాటికి నాకు కుట్టుపని వచ్చు, పదిమందికి వండిపెట్టడం వచ్చు. వేటకు సంచి సర్దడం మాత్రం రాదు. మా అత్తగారు నా పెళ్లికి రెండేళ్ల ముందే పోయారు. ఆమె ముప్పై ఏళ్లు చేసిన ఆ పని, ఆమె పట్టుచీరలతో పాటు నాకు వచ్చింది. మామగారికి ఊరి బయట చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసే మెట్టచేను ఉండేది. అడవిపందులు పంట తవ్వకుండా కాపాడుకోవడానికని వాళ్ల నాయన కాలం నుంచి ఒక ఒంటిగొట్టం తుపాకికి లైసెన్సు ఉండేది. ఆ తుపాకిని చూసి ఏ పందీ భయపడిన గుర్తు నాకు లేదు. మామగారి మనసు పందుల మీద ఉంటే కదా! ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయన ఒక జింకను కొట్టి భుజాన వేసుకొని వచ్చాడట. ఊరంతా వాకిట్లోకి వచ్చి చూసిందట. అప్పటినుంచి ఈయనకు జింక కావాలి. జింకను కొట్టడం నేరమని, జైల్లో వేస్తారని కొత్త కోడలిగా ఉన్నప్పుడే ధైర్యం చేసి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "కొడితే కదమ్మా జైలు? ముందు దాన్ని కనపడనీ," అన్నారు.

ఆయనతో పాటు వెళ్లేది భాయి ఒక్కడే. మదనపల్లెలో పరుపులు, కాన్వాసు సంచులు కుట్టే మనిషి. మామగారికి బడి రోజుల స్నేహితుడు. సన్నగా, గాలి వీస్తే కొట్టుకుపోయేటట్టు ఉండేవాడు. ఆదివారం మొదటి బస్సుకు పుంగనూరు వచ్చి, మా వంటింటి గుమ్మం దగ్గర కూర్చొని, "బేటీ, చాయ్ ఉండాదా?" అని అడిగేవాడు. ఏదైనా జంతువు పడితే బిస్మిల్లా చెప్పి కోయడానికి ఒక కత్తి, దాన్ని నూరడానికి ఒక ఆకురాయి తెచ్చి నా చేతికి ఇచ్చేవాడు, సంచిలో పెట్టమని. ఎనిమిదేళ్లలో ఆ కత్తి మా ఇంట్లో ఎర్రగడ్డలు తరగడం తప్ప ఇంకో పని చేయగా నేను చూడలేదు.

కానీ ఆ సర్దడం! శనివారం మధ్యాహ్నం మొదలయ్యేది. మామగారి చొక్కాను సబ్బు లేకుండా ఉత్త నీళ్లలో జాడించి, వేపచెట్టు కింద ఆరేయాలి. స్టీలు గ్లాసు రాయికి తగిలి మోగకుండా గుడ్డ చుట్టాలి. పులుసన్నంలో తెల్లగడ్డ వేయకూడదు, వాసన కొస గుట్ట దాకా పోతుందట. ఉప్పు, కారం, పసుపు మూడు పొట్లాలు వేరువేరుగా కట్టాలి, అడవిలోనే కాల్చి తినాల్సి వస్తే ఉండాలి కదా అని. ఇంత చేసి పంపితే సాయంత్రం ఇద్దరూ కాళ్లనిండా ముళ్లతో, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు. అప్పుడు మొదలయ్యేది విచారణ. జింక కనపడకపోవడానికి కారణం ఎప్పుడూ సంచిలోనే దొరికేది. ఒకసారి అగ్గిపెట్టెలో దూది తక్కువైంది. ఒకసారి నేను ముందురోజు జడలో పెట్టుకున్న మల్లెల వాసన గొంగడికి పట్టింది. ఇంకోసారి ఉప్పు పెట్టడం మర్చిపోయాను. "ఉప్పే లేకపాయె, జింక యాడ వస్తాదమ్మా?" అన్నారు మామగారు, మొహం ముడుచుకొని, నిజంగానే ఆ రెంటికీ సంబంధం ఉన్నట్టు. మా ఆయన మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్టులో గుమాస్తా. ఆదివారం ఆయనకు నిద్రపోయే రోజు. ఏదైనా చెప్పుకుందామంటే దుప్పటి ముసుగులోంచే, "పెద్దాయన కదా, పోనీలే," అనేవాడు. ఆయన 'పోనీలే' అన్నవన్నీ నా నెత్తినే ఉండేవి.

ఆ ఉప్పు గొడవ తర్వాతే మామగారు నన్ను కూర్చోబెట్టి జాబితా రాయించారు. పాత నోటుబుక్కులోంచి చింపిన కాగితం. పైన 'వేట సామాను' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను, పరీక్ష పేపరుకు గీసినట్టు. ఇరవై రెండు వస్తువులు. భాయి సంచి లోపలి వైపు ఒక చిన్న జేబు కుట్టి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి అందులో దూర్చాడు. "ఇంగ మర్చిపోయేది ల్యా బేటీ," అన్నాడు సంతోషంగా.

తొంభై తొమ్మిది ఎండాకాలం వానలు సరిగా లేక చెరువులు ఎండిపోయాయి. మామగారి చెల్లెలిది కుప్పానికి ఇవతల, అడవి అంచున ఉన్న ఊరు. మేమంతా కుప్పమత్త అనేవాళ్లం. నీళ్ల కోసం దుప్పులు అడవి దాటి చేలల్లోకి వచ్చేస్తున్నాయని ఆమె కబురు పెట్టింది. దుప్పులంటే చుక్కల జింకలు. ఆమె కబురు పెట్టింది పంట పోతోందన్న బాధతో. మామగారికి వినపడింది వేరే. ఆ ఏడాదే ఆయనకు ఒక కంటికి ఆపరేషను జరిగింది. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకుంటేగానీ ఎదుటి మనిషి ఆనడు. ఒంటరిగా పంపడానికి మా ఆయనకు భయం. భాయి ఉన్నాడు కదా అంటే, "భాయికి నాయన మాట దాటే ధైర్యం లేదు, నువ్వు పో," అన్నాడు. అట్లా నేను సర్దిన సంచి వెంట నేనే బయలుదేరాను. తుపాకి గోనెపట్టాలో చుట్టి భాయి పట్టుకున్నాడు. పలమనేరు మీదుగా బస్సులు మారుకుంటూ కుప్పమత్త ఊరు చేరి, మర్నాడు తెల్లవారుతూనే అడవి అంచు పట్టుకొని నడిచాం. నా కొంగుకు పసుపు వాసన వస్తోందని మామగారు నన్ను ఇరవై అడుగులు వెనక నడవమన్నారు. వచ్చినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

పొద్దెక్కాక ఒక చేనులోంచి కేకలు వినిపించాయి. గోడలేని బావి చుట్టూ నలుగురైదుగురు నిలబడి లోపలికి చూస్తున్నారు. బావి అడుగున నీళ్లు లేవు, బురదే. ఆ బురదలో పొట్ట దాకా కూరుకుపోయి ఒక ఆడ దుప్పి. ఒళ్లంతా చుక్కలు, చెవులు వెనక్కి పడిపోయి, పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. అరవడానికి కూడా ఓపిక లేదు దానికి. చేను ఆసామి మామగారి భుజానున్న తుపాకి చూసి మొహం చాటంత చేసుకున్నాడు. "దేవుడే పంపినాడప్పా నిన్ను. ఒక్క గుండు సాలు. తలా ఇంత తునకలు పంచుకుందాం," అన్నాడు.

మామగారు తూటా వేశారు. బావి ఒడ్డున నిలబడి గురి చూశారు. ముప్పై, నలభై ఏళ్లుగా ఆయన కలలో కూడా దుప్పి అంత దగ్గరగా వచ్చి ఉండదు. అంత కదలకుండా నిలబడి ఉండదు. భాయి సంచిలోంచి కత్తి తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ చప్పుడు లేదు. కళ్లు తెరిచి చూస్తే మామగారు తుపాకి దించి, తూటా బయటికి లాగేస్తున్నారు. మొహం నిండా చిరాకు. "గంప కింద కోడిని పెట్టుకోని కాల్చేదానికి తుపాకి యాలప్పా? ఇది వేటనా?" అన్నారు ఆసామితో. తర్వాత నా వైపు తిరిగి, "తాడు తియ్యమ్మా," అన్నారు.

ఆయనే దిగుతానన్నారు. భాయి చెయ్యి పట్టుకొని ఆపాడు. "నక్కో అన్నా. నువ్వు దిగితే పైకి ఇద్దర్ని లాగాల్సొస్తాది. నేను దిగుతా," అన్నాడు. బావిలో సగం దాకా రాతిమెట్లు ఉన్నాయి. ఆ మెట్లు, తాడు పట్టుకొని ఆ బక్క మనిషి బురదలోకి దిగాడు. కొట్టకూడదని తేలిపోయాక ఆసామి తమ్ముడికి కూడా మనసు కరిగిందేమో, అతనూ దిగాడు. నేను సంచిలోంచి ఒక్కొక్కటే విసిరాను. దుప్పి కళ్లకు కట్టడానికి తలగుడ్డ. పొట్ట కింద దూర్చడానికి గొంగడి. గొంగడి నాలుగు కొసలకు తాడు కట్టి, పైనుంచి ఆసామి, మామగారు, కేకలు విని ఊర్లోంచి పరుగెత్తుకొచ్చిన కుప్పమత్త, ఇద్దరు ఆడకూలీలు, నేను, అందరం లాగాం. రెండుసార్లు జారి మళ్లీ బురదలో పడింది. మూడోసారికి నా అరచేతుల చర్మం లేచిపోయింది గానీ అది ఒడ్డు మీదికి వచ్చింది. ముందుకాలు గీసుకుపోయి నెత్తురు కారుతోంది. ఎవరూ ముట్టుకోకుండా దాచిన రెండో సీసా నీళ్లతో కడిగి, పంచె పీలికతో తుడిచి, పసుపు అద్దాను. నా చేతికింద దాని గుండె కొట్టుకోవడం తెలుస్తూ ఉండింది. ఇంకా కట్టు కడుతూనే ఉన్నాను, మామగారు దాని తల దగ్గర కూర్చొని కళ్ల మీది గుడ్డ విప్పేశారు. అంతే. అది నాలుగు కాళ్లూ ఒక్కసారి విదిల్చింది. వెనక కాలు ఆయన రొమ్ముకు తగిలి ఆయన వెల్లకిలా పడ్డారు. అద్దాలు ఎగిరి రాతి మీద పడి పగిలిపోయాయి. దుప్పి చేను దాటి, కంపచెట్లు దూకి అడవిలోకి వెళ్లిపోయింది. ఒడ్డు మీది బురదలో కూర్చున్న మామగారు రొమ్ము రుద్దుకుంటూ, "ఇన్నాళ్లకు ఒకటి దగ్గరికొస్తే, అదీ తన్నిపోయె," అన్నారు. అప్పుడే బావిలోంచి పైకి వచ్చిన భాయి నవ్వాడు. ఆయన నవ్వలేదు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం మేం బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసరికి ఇద్దరు ఫారెస్టు గార్డులు ఎదురొచ్చారు. తుపాకి పట్టుకొచ్చిన వాళ్లు దుప్పిని పట్టారని అప్పటికే ఎవరో చెప్పారు. సంచి విప్పమన్నారు. గొంగడి నిండా వెంట్రుకలు, పీలిక మీద నెత్తురు, కత్తి. ముగ్గురినీ ఆఫీసుకు తీసుకెళ్లారు. అక్కడి ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. చేను కాపలాకు వచ్చానని మామగారు చెప్పారు. దుప్పి బావిలో పడితే తీశామని భాయి చెప్పాడు. ఆఫీసరు తలూపుతూ సంచి లోపలి జేబులో చెయ్యి పెట్టి నా కాగితం బయటికి తీశాడు.

"వేట సామాను," అని పైకి చదివాడు. తర్వాత ఒక్కొక్కటే. "కత్తి. ఆకురాయి. ఉప్పు. కారం. తూటాలు నాలుగు." కాగితం బల్ల మీద పెట్టి, "దుప్పిని బావిలోంచి తీయడానికి ఉప్పూ కారం ఎందుకు తెచ్చినారు పెద్దాయనా?" అని అడిగాడు. ఎనిమిదేళ్లుగా ఆ సంచిలో ఒక్క వస్తువు తగ్గితే ఒప్పుకోని మనిషి నేల చూపులు చూశారు. ఆఫీసరు నావైపు తిరిగాడు. "ఈ అక్షరాలు ఎవరివమ్మా?"

నావే అన్నాను. చేను కాపలాకే వచ్చారా అని అడిగాడు. మామగారు తలెత్తి, అద్దాలు లేని కళ్లతో నేనున్న దిక్కు చూశారు. నేను అవునని ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఏమీ కాకపోవచ్చు, ఆ కాగితం ముందు ఆ అబద్ధం నిలబడేది కాదు. కానీ నేను అంత ఆలోచించలేదు. ఎనిమిదేళ్ల శనివారాలు గొంతులోకి వచ్చినట్టు అయింది. "వేటకే వచ్చినాడు సార్. ఎనిమిదేండ్లుగా నేనే సర్ది పంపిస్తాండా. ఈ పొద్దు దుప్పి దొరికింది. కాల్చలేదు. పైకి తీసి ఇడిసిపెట్టినాడు. రెండూ నిజమే," అన్నాను. ఆఫీసరు ఒక గార్డును బావి దగ్గరికి పంపాడు. వాడు తిరిగి వచ్చేదాకా మేం బెంచీ మీద కూర్చున్నాం. కుప్పమత్తా, ఆడకూలీలూ చెప్పింది విని, అడవి దాకా ఉన్న గిట్టల జాడ చూసి వచ్చాడు. వేట కేసు పెట్టలేదు. కానీ లైసెన్సు పుంగనూరు చేనుకు, తుపాకి దొరికింది ఇక్కడ. అది ఉంచేసుకొని, పైకి రాస్తామన్నారు.

తిరుగు బస్సులో మామగారు ఒక్కటే మాట అన్నారు. "రాయమంటే అంతా రాసేస్తావా?" అంతే. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. నీళ్లు కావాలంటే గోడకు చెప్పేవారు, "ఎవురన్నా ఉండారా ఇంట్లో?" అని. ఇంతకన్నా కడుపు మండే సంగతి ఇంకోటి. తుపాకి కోసం మదనపల్లెలో పెద్ద ఆఫీసుకు తిరగాల్సి వచ్చింది. ఫారెస్టు ఆఫీసులో రాసుకున్న వాంగ్మూలం నాది కాబట్టి ప్రతిసారీ నేనూ వెళ్లాలి. ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం, ఆయన ముందు సీటులో, నేను వెనక. కొత్త అద్దాలు ఆయనకు సరిగా కుదరలేదు, బస్సు బోర్డు కూడా చదవలేక పక్కవాళ్లను అడిగేవారు గానీ నన్ను అడిగేవారు కాదు. ఆఫీసులో ఒకసారి సారు లేడనేవాళ్లు, ఒకసారి ఫైలు పైకి పోయిందనేవాళ్లు, ఇంకోసారి తెచ్చిన కాగితం కాక వేరే కాగితం కావాలనేవాళ్లు. మధ్యాహ్నం చెట్టు కింద క్యారియరు విప్పి అన్నం ఆయన ముందు పెడితే, తినేవారు. బాగుందనీ లేదు, బాగలేదనీ లేదు. భాయి ఇద్దరి మధ్యా రాయబారం నడపబోయి ఓడిపోయాడు. "సచ్ చెప్పింది అన్నా, ఆ బిడ్డ తప్పేముండాది?" అంటే, మామగారు భాయితో కూడా పది రోజులు మాట్లాడలేదు. తప్పు చేసింది ఎవరు, శిక్ష ఎవరికి అని నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. అంతకన్నా నాకు చేతనైన తిరుగుబాటు లేదు.

దాదాపు ఏడాదికి లైసెన్సు రద్దయిందని ఉత్తరం వచ్చింది. మా ఆయన మార్కెట్టుకు వెళ్లిపోయాడు. ఇంట్లో మేమిద్దరమే. మామగారు కవరు పట్టుకొని వసారాలో చాలాసేపు కూర్చున్నారు, వెలుతురుకు పెట్టి చూశారు, దూరంగా పట్టి చూశారు. చివరికి లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపారు. నేను చేతులు తుడుచుకొని చదివాను. "ఇంగోసారి సదువు," అన్నారు. మళ్లీ చదివాను. తుపాకి గురించి ఏమైనా అంటారని ఎదురుచూశాను. ఆయన గుమ్మం పట్టుకొని, నా వైపు చూడకుండా అడిగారు. "ఆ పొద్దు నా అద్దాలు పోయినాయి కదమ్మా. నాకేం ఆనలేదు. ఆ దుప్పి సరిగ్గా పోయిందా, కుంటతా పోయిందా?"

ఏడాది పాటు ఆ ప్రశ్న కడుపులో పెట్టుకొని, నా ముందు సీట్లో కూర్చొని బస్సుల్లో తిరిగారు ఆ మనిషి. భాయి అప్పుడింకా బావిలోనే ఉన్నాడు, ఒడ్డు మీద మిగతావాళ్లంతా ఈయన్ను లేపడానికి వంగారు. అది పోవడం సరిగ్గా చూసింది నేనొక్కదాన్నే. అడగాల్సింది నన్నే, మాట్లాడనిదీ నాతోనే. "సరిగ్గానే పోయింది మామా. రెండు దూకుల్లో కంప దాటేసింది," అన్నాను. "అట్లనా," అని తలూపి, "కాఫీ ఉండాదా?" అన్నారు.

అది కుంటింది. రెండో దూకుకు ముందు ఆగి, కాలు నేలకు ఆన్చలేక ఆన్చలేక దూకింది. ఆఫీసులో అంత గట్టిగా నిజం చెప్పినదాన్ని, వంటింట్లో అబద్ధం చెప్పాను. ఇది ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ తర్వాత మామగారు నాలుగేళ్లు ఉన్నారు. మాట్లాడుతూనే ఉన్నారు, పులుసులో ఉప్పు ఎక్కువైందనో, తక్కువైందనో. కానీ ఆ ఏడాది సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయన తప్పు ఒప్పుకునేవారో లేదో తెలియదు. నా కోపమైనా తగ్గేది. ఇప్పటికీ ఒక్కోసారి ఆ బస్సు వెనక సీటు గుర్తొస్తే పళ్లు కొరుక్కుంటాను, తర్వాత ఆ మనిషి లేడని గుర్తొచ్చి ఊరుకుంటాను. మాట్లాడుకున్న రోజులైనా, మూతి ముడుచుకున్న రోజులైనా ఆయుష్షులోంచి ఒక్కతీరుగానే తరిగిపోతాయని, అవి గడుస్తున్నప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు.